మొదటిసారి ఉప్పునీటి ట్యాంకు పెడుతున్నాను: లైవ్ రాక్ కొనాలా, వద్దా?

నల్లకుంట_నీలిమ
తొమ్మిదేళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను. గప్పీలతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఇంట్లో మొక్కల ట్యాంకు ఒకటి, గోల్డ్‌ఫిష్ ట్యాంకు ఒకటి ఉన్నాయి. ఉప్పునీటి ట్యాంకు కోరిక మాత్రం అలాగే మిగిలిపోయింది. ఈ ఉగాదికి ధైర్యం చేసి ట్యాంకు చేయించాను. పొడవు నాలుగు అడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు చొప్పున, 10 మిల్లీమీటర్ల అద్దం. మాది మూడో అంతస్తు.

చిక్కంతా రాయి దగ్గర వచ్చింది. లైవ్ రాక్ లేనిదే ఉప్పునీటి ట్యాంకు నిలబడదని దుకాణంలో చెప్పారు. నా ట్యాంకుకు 40 కిలోలు కావాలట. రామేశ్వరం వైపు నుంచి తెప్పిస్తారట, తడి గోనెసంచుల్లో బస్సులో వస్తుందట. సగం డబ్బు ముందే కట్టమన్నారు. బిల్లు మాత్రం అడగవద్దన్నారు. ఆ చివరి మాటతో నా చెయ్యి వెనక్కి వచ్చింది.

నిజంగా 40 కిలోలు కావాలా? బిల్లు ఎందుకు ఇవ్వరు? రాయి లేకుండా కుదరదా? ఇంకో భయం కూడా ఉంది. మాకు వారంలో నాలుగు రోజులు నల్లా నీళ్లు, మిగిలిన రోజులు బోరు నీళ్లు. ముందేమో ఎండాకాలం.

కాప్రా_కిరణ్
బిల్లు అడగవద్దన్న చోట లైవ్ రాక్ సంగతి అటుంచండి, గులకరాయి కూడా కొనకండి.

ఉప్పునీటి_రాజు
నీలిమ గారూ, ముందుగా డబ్బు కట్టలేదు కదా? కట్టకండి. కారణం వివరంగా చెబుతాను.

లైవ్ రాక్ అంటే చచ్చిన పగడాల అస్థిపంజరం. అంతా కాల్షియం కార్బొనేట్, లోపల గుల్లగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. ఆ రంధ్రాల్లో బాక్టీరియా కాపురం ఉంటుంది. గాలి ఆడే పైపొరల్లోవి చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ అందని లోపలి పొరల్లోవి నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తాయి. ఫిల్టరు పని చేసేది ఆ బాక్టీరియా. రాయి వాటికి ఇల్లు. ఖాళీ ఇల్లు తెచ్చుకుని కాపురం మనమే పెట్టించవచ్చు.

ఇక బిల్లు సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూలు పులి ఉన్న జాబితా. దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ 2001లో అదే జాబితాలో చేర్చారు. నల్ల పగడాలు, విసనకర్రల్లా ఉండే సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలను కూడా అప్పుడే చేర్చారు. పగడం చచ్చినదైనా, విరిగిన ముక్కైనా సముద్రంలోంచి తీసి అమ్మితే జైలుకు వెళ్లాల్సిన నేరం. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న మన్నార్ సింధుశాఖ దీవులను 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. మొత్తం 21 దీవులు. ఒకప్పుడు సున్నం కాల్చడానికి, గోడలు కట్టడానికి అక్కడి పగడపు రాయిని పడవలకొద్దీ తవ్వుకుపోయారు. ఆ 21 దీవుల్లో రెండు ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. అందుకు చెప్పే కారణాల్లో ఈ తవ్వకం ముందుంటుంది. ఇల్లు కట్టుకోవడానికి తవ్వినవారికి అదొక అవసరమైనా ఉంది. మనం హాల్లో అలంకారానికి తవ్వించకూడదు.

40 కిలోల లెక్క కూడా తప్పే. ఎనిమిది లీటర్లకు ఒక కిలో అన్నది పాతకాలపు లెక్క. మీ ట్యాంకులో 230 లీటర్లు పడతాయి అనుకుంటే ఆ లెక్కకు కూడా 29 కిలోలే. గుల్లగా, తేలికగా ఉన్న రాయైతే 15 కిలోలు చాలు. సముద్రంలోంచి తీయని, సిమెంటుతోనో పింగాణీతోనో చేసిన ఎండు రాయి బిల్లుతో సహా దొరుకుతుంది. అది తీసుకోండి.

మియాపూర్_మీనం
చట్టం విషయంలో రాజు గారితో నాకు పేచీ లేదు. ఎండు రాయి, సముద్రపు రాయి ఒక్కటే అన్నట్టు రాయడాన్ని మాత్రం ఒప్పుకోను. సముద్రపు రాయితో బాక్టీరియా ఒక్కటే రాదు. చిన్న రొయ్యజాతి పురుగులు, గొట్టపు పురుగులు, స్పాంజీలు, ఊదారంగు కోరలైన్ నాచు, ఇలా ఒక ఊరే వస్తుంది. ఎండు రాయి ట్యాంకులో ఆ ఊరు ఉండదు. ఖాళీ జాగా కనబడితే ముందు వచ్చి కూర్చునేది పచ్చ నాచే. మొదటి ఏడాదంతా బ్రష్షుతో రుద్దుతూ గడపాలి. ఈ సంగతి ముందే చెప్పకపోతే నాలుగో నెలలో ట్యాంకు అమ్మేస్తారు. అలా అమ్మేసినవాళ్లను ఈ ఊళ్లోనే ముగ్గురిని చూశాను.

ఉప్పునీటి_రాజు
మీనం గారి మాట నిజం. నేను రాయకపోవడం పొరపాటే. అయితే దానికి మందు ఉంది. పాత ట్యాంకు ఉన్నవాళ్ల దగ్గర పిడికిలంత రాయి ఒకటి అడిగి తెచ్చి కొత్త రాళ్ల మధ్య పెట్టండి. పెరుగుకు తోడు వేసినట్టే. నా ట్యాంకులోని రాయి అంతా చేసిన రాయే, ఆరేళ్ల నుంచి నీళ్లలో ఉంది. నీలిమ గారు తార్నాక, విద్యానగర్ వైపు వస్తే ఒక ముక్క ఇస్తాను.

రెండో_అంతస్తు
నీలిమ గారికి ఇది చెప్పాలని ఇప్పుడే ఖాతా తెరిచాను.

2011లో నేను ఆ రాయి కొన్నాను. 20 కిలోలు, తడి వార్తాపత్రికల్లో చుట్టి, థర్మోకోల్ పెట్టెలో వచ్చింది. చట్టం సంగతి నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. బస్సు ఆలస్యమై నా చేతికి వచ్చేసరికి ఒకటిన్నర రోజు గడిచింది. మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. రాయి మీద స్పాంజీలు అప్పటికే నల్లబడి జారిపోతున్నాయి. బాత్‌రూములో టబ్బులో వేసి మూడు వారాలు నీళ్లు మార్చాను. మా ఆవిడ పిల్లలను తీసుకుని చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.

రెండో రోజు రాయి సందులోంచి నా చూపుడు వేలంత సముద్ర దోసకాయ ఒకటి బయటికి వచ్చింది. గోధుమరంగు, ఒళ్లంతా చిన్న చిన్న బొడిపెలు. టబ్బు గోడ పట్టుకుని పైకి, నీటి అంచు దాకా ఎక్కింది. అక్కడ గాలి ఎక్కువ అందుతుందని కాబోలు. నేను గిన్నెలో కొత్త ఉప్పునీళ్లు కలిపి అందులోకి మార్చేలోపు ముడుచుకుపోయింది. దాన్ని అరచేతిలో పట్టుకున్నాను. బరువే లేదు. మళ్లీ విచ్చుకోలేదు.

తర్వాత ట్యాంకు బాగానే నడిచింది, చేపలు కూడా బతికాయి. కానీ ఆ రాయిని చూసినప్పుడల్లా అదే గుర్తుకొచ్చేది. నాలుగేళ్లకు అన్నీ ఇచ్చేశాను. మీరు ఆ పని చేయకండి.

దిల్‌సుఖ్‌నగర్_దివ్య
రెండో అంతస్తు గారూ, చదివి మనసు చివుక్కుమంది. రాసినందుకు కృతజ్ఞతలు.

బాపట్ల_అబ్బాయి
రాయి సంగతి సరే. నీళ్ల గురించి నాదొక సూచన. మా ఊరు సూర్యలంక పక్కనే. నెలకోసారి హైదరాబాద్ వస్తుంటాను. క్యాన్లలో అసలైన సముద్రపు నీళ్లే తెచ్చి పోస్తే అయిపోదా? లేదంటే మా వైపు చినగంజాం కల్లుప్పు ఉంది. అదీ సముద్రంలోంచి వచ్చిందే కదా, నీళ్లలో కలిపితే మళ్లీ సముద్రం కాదా?

తార్నాక_మాస్టారు
బాపట్ల అబ్బాయి అడిగినది మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి దీన్ని వదిలిపెట్టలేను.

ఉప్పుమడిలో సముద్రపు నీరు ఇగిరేటప్పుడు అన్నీ ఒకేసారి గట్టిపడవు. మొదట కాల్షియం కార్బొనేట్ అడుగుకు చేరుతుంది, తర్వాత జిప్సం. ఆ నీళ్లను పక్క మడిలోకి మళ్లించాక మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. చివరికి మిగిలేది చేదునీరు. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు అందులో ఉండిపోతాయి, దాన్ని పారబోస్తారు. అంటే కల్లుప్పు చేతికి వచ్చేసరికి సముద్రంలోని కాల్షియం వెనక మడిలో, మెగ్నీషియం కాలువలో ఉన్నాయి. ఆ ఉప్పును నీళ్లలో కరిగిస్తే ఉప్పునీళ్లు వస్తాయి, సముద్రం రాదు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటే అందులో కాల్షియం 420 మిల్లీగ్రాముల దగ్గర, మెగ్నీషియం 1300 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాయి. నత్త గుల్ల కట్టుకోవాలన్నా, రాయి మీద ఊదారంగు నాచు పెరగాలన్నా ఆ రెండూ కావాలి. పైగా వంట ఉప్పులో అయోడిన్, ఉండకట్టకుండా వేసే పొడులు కలుపుతారు. అక్వేరియం కోసమే చేసిన ఉప్పు కొనాల్సిందే.

క్యాన్లతో నీళ్లు తేవడం చదువుకునే రోజుల్లో మేమూ చేశాం. కృష్ణ, గోదావరి సముద్రంలో కలిసే తీరం మనది. వానాకాలంలో నదుల నీరు కలిసి ఉప్పు పలచబడుతుంది, ఒండ్రు కూడా కలుస్తుంది. ఒడ్డున ముంచిన నీళ్లలో ఏ కాలువ నీరు కలిసిందో ఎవరికీ తెలియదు. మూడు వందల కిలోమీటర్లకు పైగా మూసి ఉన్న క్యాన్లో వచ్చేసరికి అందులోని సూక్ష్మజీవులు చచ్చి కంపు పుడుతుంది.

బాపట్ల_అబ్బాయి
ఉప్పుమళ్ల పక్కనే పుట్టి పెరిగాను. చేదునీళ్లు ఎందుకు వదిలేస్తారో ఇన్నేళ్లకు తెలిసింది మాస్టారూ.

నల్లకుంట_నీలిమ
రాయి వద్దని దుకాణానికి ఇప్పుడే ఫోను చేసి చెప్పేశాను. చేసిన ఎండు రాయే 16 కిలోలు తీసుకుంటాను. రాజు గారూ, ఆదివారం మీ ముక్క కోసం వస్తాను.

ఇప్పుడు నీళ్లు. ఇంట్లో తాగే నీళ్ల ఆర్‌వో ఫిల్టరు ఉంది, అది చాలదా? ఉప్పు ఎంత పడుతుంది?

మియాపూర్_మీనం
చాలదు. తాగే నీళ్ల ఫిల్టరు చాలావాటిలో రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతారు. నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, 60, 80 చూపిస్తుంది. మనకు సున్నా కావాలి. ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి బిగించుకుంటే సున్నాకు వస్తుంది. మీ బోరు నీళ్లతో రెజిన్ తొందరగా అయిపోతుంది, అందుకే నల్లా నీళ్లు వచ్చే నాలుగు రోజుల్లోనే డ్రమ్ములు నింపి పెట్టుకోండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందున్న కార్బన్ ఫిల్టరు వేళకు మార్చాలి. లేకపోతే మెంబ్రేన్ పాడవుతుంది. ఇంతకుముందు చెప్పిన పచ్చ నాచు సగం బెడద నీళ్లలోంచే వస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ ఉన్న నీళ్లు పోసి తర్వాత నాచును తిట్టుకుని లాభం లేదు.

ఉప్పు 8 నుంచి 9 కిలోలు. డ్రమ్ములో నీళ్లు పోసి, పంపు తిరుగుతుండగా ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. ఒక రోజంతా తిరగనివ్వండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే వెయ్యికి 35 రావాలి, సాంద్రత గీత మీద 1.026 దగ్గర. రిఫ్రాక్టోమీటర్‌ను ముందు 35 ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి. మామూలు నీళ్లతో సున్నా సరిపెట్టుకుని వదిలేస్తే పైన తేడా రావచ్చు. నాది ఎనిమిది నెలలు తప్పు చూపించింది.

దిల్‌సుఖ్‌నగర్_దివ్య
మేము వంటింట్లో డ్రమ్ము పెట్టి ఉప్పు బస్తా విప్పుతుంటే పక్కింటి పిన్నిగారు చూసి, ఈసారి ఆవకాయ ఎన్ని కాయలు పెడుతున్నారమ్మా అని అడిగారు.

తార్నాక_మాస్టారు
ఆ బస్తా ఉప్పుతో మాత్రం పెట్టకండి తల్లీ.

ఉప్పల్_ఉమ
అందరూ నీళ్లు, రాళ్లు అంటున్నారు. బరువు ఎవరూ చెప్పలేదు. నీళ్లు 230 కిలోలు, అద్దం 50 దాటుతుంది, రాళ్లు, ఇసుక, స్టాండు కలిపితే 350 కిలోలు. గది మధ్యలో పెట్టకండి, కింద దూలం ఉన్న గోడ వారగా పెట్టండి. స్టాండు మీద రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూడండి. ఏ మూలైనా తేడా ఉంటే అద్దం అతుకు మీద భారం పడుతుంది. ట్యాంకు అడుగున థర్మోకోల్ పలక వేయండి.

ఇంకొకటి. ట్యాంకు కింద సంపు, అంటే ఫిల్టరు, పంపు ఉండే చిన్న తొట్టి, పెడుతున్నారా? పెడితే ఇది చదవండి. గాలివాన రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. పంపు ఆగింది. పంపు నీళ్లను పైకి పంపే గొట్టం చివర ట్యాంకులో నాలుగు అంగుళాల లోతున మునిగి ఉంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, అదే గొట్టంలోంచి వెనక్కి దిగడం మొదలైంది. సంపు నిండింది, పొంగింది. తెల్లవారుజామున కింది ఇంటివారు తలుపు కొట్టారు. వాళ్ల హాల్లో సోఫా మీద ఉప్పునీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆ గొట్టానికి నీటి మట్టానికి కాస్త కింద ఒక చిన్న రంధ్రం ఉంటే, మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి ధార తెగిపోయేది. రంధ్రం పెట్టండి. వారానికోసారి దాన్ని పుల్లతో శుభ్రం చేయండి, నాచు పట్టి మూసుకుపోతుంది. చేపలు వేయకముందే ఒకసారి చేత్తో స్విచ్చి ఆపి సంపు పొంగుతుందో లేదో చూసుకోండి.

కాప్రా_కిరణ్
ఉమ గారు చెప్పిన ఆ స్విచ్చి పరీక్ష బంగారం లాంటి మాట. ఇంకో సంగతి, ఉప్పునీళ్లలో ఆక్సిజన్ మంచినీళ్లకన్నా దాదాపు అయిదో వంతు తక్కువ కరుగుతుంది, వేడి పెరిగితే ఇంకా తగ్గుతుంది. మంచినీటి ట్యాంకులో కరెంటు పోయినా చేపలు ఓర్చుకున్నాయి కదా అనుకోవద్దు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొనిపెట్టుకోండి. ఇన్వర్టర్ ఉంటే నీళ్లను కదిలించే వేవ్ మేకర్‌ను దానికి కలపండి.

నల్లకుంట_నీలిమ
వేడి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఈ రోజు మా హాల్లో థర్మామీటరు 33 చూపిస్తోంది. ఇంకా ఏప్రిల్ నెలే. నీళ్లను చల్లబరిచే చిల్లర్ ధర చూస్తే ట్యాంకు ధర చిన్నదైపోయింది.

కాప్రా_కిరణ్
నేను నాలుగేళ్లుగా రెండు ఫ్యాన్లతోనే నడుపుతున్నాను. నీటి మీదకు గాలి తగిలేలా బిగించాను. ఆవిరితో పాటు వేడి పోతుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

దిల్‌సుఖ్‌నగర్_దివ్య
రెండు మూడు డిగ్రీలు తగ్గితే 33 నుంచి 30కి వస్తుంది. కావాల్సింది 25, 26. కిరణ్ గారి ఇల్లు కింది అంతస్తు, చుట్టూ చెట్లు. మూడో అంతస్తులో, మీద డాబా ఎండకు కాగుతుంటే అది సరిపోదు. మాకు చిల్లర్ తప్పలేదు. ఒక జాగ్రత్త: చిల్లర్‌ను స్టాండు అరలో పెట్టి తలుపు మూయకండి. అది వదిలే వేడి గాలి అక్కడే తిరిగి, చిల్లర్ ఆగకుండా నడుస్తుంది, నీళ్లు మాత్రం చల్లబడవు.

కాప్రా_కిరణ్
చెట్ల మాట నిజమే, ఒప్పుకుంటాను. ఫ్యాను పెట్టినవాళ్లు మరిచిపోయేది ఇంకొకటుంది. ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు. మా ట్యాంకు కూడా నీలిమ గారి ట్యాంకంతే. మే నెలలో రోజుకు అయిదు లీటర్లు తగ్గుతుంది. తగ్గినంతా మంచి ఆర్‌వో నీళ్లతోనే నింపాలి. వారం ఊరెళ్లి 35 లీటర్లు తగ్గాయనుకోండి, 35 ఉండాల్సిన ఉప్పు 41 అవుతుంది. అద్దం మీద గీత గీసుకుని రోజూ ఆ గీత దాకా నింపండి.

ఉప్పునీటి_రాజు
నీలిమ గారూ, చిల్లర్ ఇప్పుడే కొనకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అప్పుడు చేపలు వేయడం వాటికీ కష్టం, మీకూ కష్టం. కానీ బాక్టీరియాకు 28, 30 డిగ్రీలు హాయి, చల్లటి నీళ్లలో కన్నా చురుగ్గా పెరుగుతాయి. కాబట్టి ఎండలన్నాళ్లూ రాళ్లను, నీళ్లను మాత్రమే నడపండి, దీపాలు వేయకుండా. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక చేపలు తెచ్చుకోవచ్చు. అప్పటికి చిల్లర్‌కు డబ్బు కూడబెట్టుకోండి. వచ్చే వేసవికి మాత్రం అది ఉండి తీరాలి.

పాతబస్తీ_ఫిరోజ్
ఎండాకాలం అంతా ఖాళీ ట్యాంకా? మా రోజుల్లో రెండు డామ్సెల్ చేపలు వేసేవాళ్లం. వాటి వ్యర్థంతోనే సైకిల్, అంటే బాక్టీరియా కుదురుకునే దశ, నడిచేది. గట్టి చేపలవి, బతికేవి.

మియాపూర్_మీనం
ఫిరోజ్ భాయ్, బతికేవి అంటే చావకుండా ఉండేవి, అంతే. అమ్మోనియాలో వాటి మొప్పలు కాలిపోతాయి. బతికాక ఆ డామ్సెల్‌లే ట్యాంకు తమదని తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతాయి. వాటిని పట్టాలంటే రాళ్లన్నీ బయటికి తీయాలి. చేప లేకుండానే చేయవచ్చు. రాంనగర్ చేపల మార్కెట్లో ఒక పచ్చి రొయ్య తెచ్చి, పాత మేజోడులో కట్టి నీళ్లలో వేలాడదీయండి. అది కుళ్లితే అమ్మోనియా వస్తుంది. వాసన పడనివాళ్లు అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు వేయవచ్చు.

పాతబస్తీ_ఫిరోజ్
తరిమే మాట నిజమే భాయ్. నా నీలి డామ్సెల్ ఒకటి గాజు తుడిచే నా చేతినే పొడిచేది. రొయ్య పద్ధతి మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే అదే చేసేవాణ్ణి.

నల్లకుంట_నీలిమ
నీళ్లు పోసి ఈ రోజుకు 31 రోజులు. రాజు గారింటి నుంచి తెచ్చిన ముక్కను మధ్యలో పెట్టాను. అమ్మోనియా తొమ్మిదో రోజున 2 దాకా ఎక్కింది, ఆ రోజే రొయ్యను తీసేశాను. పదిహేనో రోజు నుంచి నైట్రైట్ పరీక్ష ముదురు ఊదారంగులోకి మారుతూ వచ్చింది. నిన్న, ఈ రోజు రెండూ సున్నా. నైట్రేట్ 20. నమ్మలేక మళ్లీ అమ్మోనియా చుక్కలు 2 వచ్చేలా వేసి చూశాను, మరునాటికి సున్నా అయింది. ఉమ గారి పరీక్ష మూడుసార్లు చేశాను, సంపు పొంగలేదు.

ఇప్పుడు ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు పొర కడుతోంది. వేలితో తాకితే దుమ్ములా లేస్తుంది. ఏదైనా తప్పు చేశానా?

తార్నాక_మాస్టారు
అవి డయాటమ్‌లు, సిలికా గుల్లలు కట్టుకునే సూక్ష్మ జీవులు. కొత్త ట్యాంకులో సిలికేట్ ఉన్నన్నాళ్లు ఉంటాయి, అయిపోయాక వాటంతట అవే పోతాయి. రసాయనాలు వేయకండి.

మియాపూర్_మీనం
తర్వాత వచ్చేది పచ్చ నాచు. టర్బో నత్తలు నాలుగు, సన్యాసి పీతలు కొన్ని తెచ్చుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: చేపలకు ఏ జబ్బు వచ్చినా ఈ ట్యాంకులో రాగి ఉన్న మందు వేయవద్దు. నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి. రాయి ఆ రాగిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. మందు వేయడానికి వేరే చిన్న ట్యాంకు ఉండాలి. కొత్త చేపను నెల రోజులు అందులోనే ఉంచి చూడండి. తెల్లచుక్కల జబ్బు ఒకసారి పెద్ద ట్యాంకులోకి వస్తే, దాన్ని రెండున్నర నెలలు చేప లేకుండా ఖాళీగా ఉంచాల్సి వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్_దివ్య
చేపల విషయంలో కూడా రాయి లాంటి ప్రశ్నే వేయండి, ఎక్కడి నుంచి వచ్చింది అని. క్లౌన్ చేపలను సముద్రంలోంచి పట్టాల్సిన పనే లేదు. హేచరీల్లో పిల్లలు చేయించే పద్ధతిని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఎప్పుడో స్థిరపరిచారు. హేచరీ పిల్లలు ఇంటికి తెచ్చిన మొదటి రోజు నుంచే గుళికల మేత తింటాయి. చిన్నవి రెండు ఒకేసారి తెచ్చుకోండి. అన్నీ మగవిగానే పెరుగుతాయి, పెద్దది తర్వాత ఆడదిగా మారుతుంది, జత దానంతట అదే కుదురుతుంది. నీలి టాంగ్ మాత్రం అడగవద్దు, అది అడుగు దాకా పెరుగుతుంది, నాలుగు అడుగుల ట్యాంకు దానికి జైలే.

నల్లకుంట_నీలిమ
మృగశిర వెళ్లిన రెండు వారాలకు హేచరీ క్లౌన్ పిల్లలు రెండు తెచ్చాను, బిల్లుతో. చిన్న ట్యాంకులో నెల రోజులు ఉంచి, మొన్ననే పెద్ద ట్యాంకులో వదిలాను. మొదటి రాత్రి రెండూ ఒక మూలన, నీటి పైభాగంలో, ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. సముద్రంలో అవి కాపురముండే ఎనిమోన్ లేకపోతే దిగులు పడతాయేమో అనుకున్నాను. తెల్లవారేసరికి వేవ్ మేకర్ కింద ఉన్న రాతి గూడును సొంతం చేసుకున్నాయి.

పచ్చ నాచు మీనం గారు చెప్పినట్టే వచ్చింది. ఆదివారాలు పళ్ల బ్రష్షుతో రుద్దుతున్నాను, నత్తలు తమ వంతు చేస్తున్నాయి.

రెండో_అంతస్తు
చాలా సంతోషం అమ్మా. రోజూ ఈ చర్చ తెరిచి చూస్తున్నాను.

నల్లకుంట_నీలిమ
వినాయక చవితి పనుల్లో పడి పది రోజులుగా ట్యాంకును సరిగా చూడలేదు. ఈ రోజు పొద్దున అద్దానికి ముఖం ఆనించి చూస్తుంటే, రాజు గారి ముక్కకు ఎడమ పక్కన ఉన్న కొత్త రాయి మీద ఒక మచ్చ కనిపించింది. గోరింటాకు చుక్కంత ఉంది. ఊదారంగు, అంచు లేత గులాబీ. బ్రష్షుతో మెల్లగా రాశాను, పోలేదు. రాయికి అంటుకుని గట్టిగా ఉంది. దాని కింద ఇంకో రెండు, ఆవగింజంత.

మియాపూర్_మీనం
కోరలైన్! కాల్షియం ఎంత ఉందో, ఆల్కలినిటీ ఎంత ఉందో ఈ రోజే చూసి ఇక్కడ రాయండి. ఇక నుంచి అవి తగ్గుతూ వస్తాయి. ఆ రాయిని బ్రష్షుతో రుద్దకండి.

ఉప్పునీటి_రాజు
ఫోటో పెట్టండి నీలిమ గారూ, నీలం దీపం ఆపేసి తీయండి, రంగు సరిగా తెలుస్తుంది.

నల్లకుంట_నీలిమ
కాల్షియం 410, ఆల్కలినిటీ 8. ఫోటో సాయంత్రం పెడతాను, క్లౌన్ పిల్లలు రెండూ సరిగ్గా ఆ మచ్చ ముందే నిలబడి ఉన్నాయి.